మంచం దిగకూడని పసివాళ్ళకు పొద్దుపోయేదెలా?

నాలుగేళ్ళ పిల్లవాడు మెట్ల మీంచి పడి తొడ ఎముక విరిగితే డాక్టర్లు సాధారణంగా ఆపరేషన్ జోలికి పోరు. ఆ వయసులో ఎముక త్వరగా అతుక్కుంటుంది. అందుకని నడుము నుంచి పాదం దాకా స్పైకా అనే పెద్ద ప్లాస్టర్ వేస్తారు. కొందరిని దానికి ముందు కొన్నాళ్ళు కాలికి బరువులు కట్టి ట్రాక్షన్‌లో ఉంచుతారు. మొదట్లో నొప్పి, మందుల మత్తు, నిద్ర. తర్వాత నొప్పి తగ్గుతుంది, ఆకలి వేస్తుంది, ఒంట్లో ఓపిక పుంజుకుంటుంది. కాలు మాత్రం కదపకూడదు. తోడున్న పెద్దవాళ్ళకు అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది.

తొడ ఎముక విరిగినవాళ్ళకే ఈ తిప్పలు అనుకోవడానికి లేదు. దీపావళి మందుగుండుతో కాలిన ఒళ్ళు, కడుపు ఆపరేషన్, ఎముకకు పట్టిన ఇన్ఫెక్షన్, కారణం ఏదైనా కావచ్చు. రెండేళ్ళకూ ఆరేళ్ళకూ మధ్య ఉన్న పిల్లలకు 'మంచం దిగకూడదు' అన్న మాటలో న్యాయం ఏమిటో అర్థం కాదు. తామేదో తప్పు చేస్తే వేసిన శిక్ష అనుకుంటారు. ఆ సంగతి నోటితో చెప్పలేరు కాబట్టి గ్లాసు విసిరేస్తారు, అన్నం ఉమ్మేస్తారు, అమ్మను కొరుకుతారు. పక్క తడపడం ఎప్పుడో మానేసిన పిల్ల మళ్ళీ తడుపుతుంది. పోయిన ముద్దుమాటలు తిరిగొస్తాయి. ఇవన్నీ మామూలే, ఇంటికి చేరాక మెల్లగా సర్దుకుంటాయి. దానికి పిల్లను తిట్టడం అనవసరం.

విశాఖపట్నంలో ఈ చిక్కుకు ఇంకో ముడి కూడా ఉంది. మహారాణిపేటలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) 1923 నుంచి ఉత్తరాంధ్ర మొత్తానికీ పెద్దాసుపత్రి. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు ఏజెన్సీ, సరిహద్దు దాటి ఒడిశా జిల్లాల నుంచి కూడా ఇక్కడికే వస్తారు. అంటే పిల్ల మంచం పక్కన కూర్చున్న తల్లి చాలాసార్లు ఊరికి వంద కిలోమీటర్ల పైన ఉంటుంది. కంగారులో బయల్దేరినప్పుడు సంచిలో రెండు జతల బట్టలు, ఆధార్ కార్డు, రిపోర్టులు పడతాయి గానీ బొమ్మ పడదు. ఆడించే అమ్మమ్మ, అన్నయ్య ఊళ్ళోనే ఉండిపోతారు. కాబట్టి ఖరీదైన బొమ్మల జాబితాలు ఇక్కడ పనికొచ్చేవి కావు. వార్డులో దొరికేవాటితోనే ఏం చేయగలమో చూడాలి.

ముందు పిల్ల పోగొట్టుకున్నదేమిటో గమనిస్తే సగం దారి దొరుకుతుంది. చుట్టూ ఉన్నవాళ్ళు 'పాపం, ఆడుకోవడానికి ఏం లేదు' అనుకుంటారు. నిజానికి పోయింది పెత్తనం. ఇంట్లో ఉన్నప్పుడు నాలుగేళ్ళ పిల్ల రోజుకు వంద పనులు తన ఇష్టప్రకారం చేస్తుంది. గది మారుతుంది, డబ్బా తెరుస్తుంది, పిల్లిని తరుముతుంది, పిలిస్తే రానంటుంది. మంచానికి అంటుకుపోయాక ఏ వస్తువూ తనంత తాను అందుకోలేదు, ఎవరి దగ్గర నుంచీ పారిపోలేదు. ఎవరైనా వచ్చి ఒళ్ళు పట్టుకుంటే కాదనలేదు. ఆ పెత్తనాన్ని కొంచెమైనా తిరిగి ఇచ్చే ఆట గంటసేపు నిలుస్తుంది. ఊరికే చూస్తూ కూర్చోమనే వినోదం ఎంత రంగురంగులదైనా కాసేపట్లో విసుగెత్తిస్తుంది.

బొమ్మలు విసిరేయడమే తీసుకోండి. పెద్దవాళ్ళకు అది అల్లరి. పిల్ల వైపు నుంచి చూస్తే మంచం అవతలికి తన చెయ్యి చేరే దారి అదొక్కటే. దాన్ని ఆపడం కన్నా విసరదగినవి ఇవ్వడం మేలు. అటెండెంట్లు ఇంటి నుంచి తెచ్చుకునే ప్లాస్టిక్ బకెట్టు, ఒక పాత పేపరు చాలు. పేపరును పిల్ల చేతనే చింపించాలి. కోపంగా ఉన్న చేతికి చింపడమే సగం మందు. ముక్కల్ని ఉండలు చుట్టి, బకెట్టును మంచం కాళ్ళ వైపు పెట్టి వేయమనాలి. మొదట నాలుగు ఉండలూ నేల మీదే పడతాయి. బకెట్టు దగ్గరికి జరపమని ఆర్డరు వేసేది పిల్లే, ఒక్కో టైలు చొప్పున వెనక్కి జరపమనేదీ పిల్లే. పడిన ఉండ ఏరి తెచ్చేది నాన్న. తప్పు గురి చూసి నాన్న కూడా రెండు ఉండలు వేసి ఓడిపోతే ఆట ఇంకో పది నిమిషాలు సాగుతుంది. పక్క బెడ్డు మామ్మ "ఈ గుంటడికి కుదురెక్కడ" అంటూనే తన వైపు వచ్చిన ఉండ తిరిగి విసురుతుంది.

బుట్టకు బట్ట నాడా కట్టి మంచం పక్కకు దించితే అది బావి. పిల్ల పైకి లాగుతుంది, కింద ఉన్నవాళ్ళు ప్రతిసారీ కొత్త వస్తువు వేసి పంపుతారు. ఒకసారి చెంచా, ఒకసారి అరటిపండు, ఒకసారి ఖాళీ. ఖాళీ బుట్ట వచ్చినప్పుడే ఎక్కువ నవ్వుతారు. అయితే నాడా పొట్టిగా ఉండాలి, పెద్దవాళ్ళు పక్కన లేనప్పుడు తీసేయాలి. మెడకు చుట్టుకునే ప్రమాదం చిన్నది కాదు. ట్రాక్షన్ బరువులతో మాత్రం ఎవరూ ఆడకూడదు. అవి దేనికీ తగలకుండా స్వేచ్ఛగా వేలాడితేనే ఎముక సరైన లాగుడులో ఉంటుంది. చూడ్డానికి వచ్చిన అన్నదమ్ములు ముందుగా చెయ్యి పెట్టేది వాటి మీదే కాబట్టి గుమ్మం దగ్గరే చెప్పి లోపలికి పంపాలి.

చేతుల తర్వాత కళ్ళు. వెల్లకిలా పడుకున్న పిల్లకు కనబడేది ఫ్యాను, ట్యూబులైటు. వార్డులో ఏ చప్పుడైనా తల వెనక నుంచో కాళ్ళ అవతల నుంచో వస్తుంది, ఏమిటో తెలియదు. భయంలో సగం అక్కడ పుడుతుంది. అంచులకు ప్లాస్టర్ టేపు చుట్టిన చిన్న అద్దం ఒకటి దీనికి చక్కటి విరుగుడు. ముఖానికి పైన ఏటవాలుగా పట్టుకుని తల వైపు తిప్పితే వెనకనున్న కిటికీ నిటారుగా కనబడుతుంది. కాళ్ళ వైపు తిప్పితే సిస్టర్లు, డాక్టర్లు అందరూ తలకిందులుగా నడుస్తారు. రౌండ్స్‌కు వచ్చిన పెద్ద డాక్టర్ని తలకిందులు చేయగలగడం నాలుగేళ్ళవాడికి చిన్న సంగతి కాదు. కిటికీ ఎండను ఆ అద్దంతోనే గోడ మీదికి తిప్పి వెలుగు చుక్కను పరిగెత్తించవచ్చు, పక్కవాళ్ళ కళ్ళలో పడకుండా చూసుకుంటే చాలు.

విశాఖ పిల్లలకు దీని తర్వాతి మెట్టు ఊళ్ళోనే ఉంది. ఆర్కే బీచ్‌లో ఒడ్డుకెక్కిన కురుసుర సబ్‌మెరైన్‌ను చూడనివాళ్ళు తక్కువ. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి మ్యూజియంగా ఉంది. లోపల నావికుల పడకలు ఎంత ఇరుకో, ఒకరు నడవాలంటే ఇంకొకరు ఎలా ఒదగాలో చూసిన పిల్లకు ఈ మంచమే సబ్‌మెరైన్ అని చెబితే ఇట్టే నమ్ముతుంది. నావికులు కూడా వారాల తరబడి బయటికి రాకుండా ఉంటారు, బయట చూడాలంటే పెరిస్కోప్ వాడతారు. టూత్‌పేస్టు అట్టపెట్టెకు రెండు చివర్లా ఎదురెదురు పక్కల కిటికీలు కోసి, లోపల రెండు చిన్న అద్దాలను నలభై అయిదు డిగ్రీల వాలులో, ఒకదానికొకటి ఎదురుగా అతికిస్తే పెరిస్కోప్ తయారు. తల కాస్త ఎత్తి పడుకోబెట్టిన పిల్లకు, లేదా పక్కకు తిరిగి పడుకున్న పిల్లకు, మంచం కడ్డీల మీదుగా వార్డంతా కనబడుతుంది. ఇందులో బొమ్మ నిలువుగానే ఉంటుంది, ఎవరూ తలకిందులవరు. 'సూది ట్రాలీ వస్తోంది' అని అందరికన్నా ముందు చెప్పే ఉద్యోగం పిల్లకు దక్కుతుంది. ఇది ఉత్త సరదా అనుకోనక్కర్లేదు. వచ్చేదేమిటో ముందే చూడగలిగితే ఉలికిపాటు తగ్గుతుంది.

బయటి నుంచి వార్త తేవడం నాన్న పని. టిఫిన్‌కు కిందికి వెళ్ళే మనిషికి పిల్ల ఒక పని పురమాయించాలి. కేజీహెచ్ దగ్గర్నుంచి దిగువకు నడిస్తే బీచ్ రోడ్డే. పోర్టులో చోటు కోసం ఎదురుచూసే ఓడలు దూరంగా నిలబడి ఉంటాయి.

"నాన్నా, ఇవాళ ఎన్ని ఓడలున్నాయో లెక్కపెట్టి రా."

"అయిదమ్మా. నిన్నటి ఎర్రది వెళ్ళిపోయింది."

"ఎక్కడికెళ్ళింది?"

ఇక్కణ్ణుంచి కథ దానంతటదే నడుస్తుంది. ఓడల లెక్క గోడకు అతికించిన కాగితం మీద గీతలుగా పెరుగుతుంది. గీసేది పిల్లే. ఒక చిన్న కిటుకు: పడుకుని పైకి చెయ్యెత్తి రాసేటప్పుడు బాల్ పెన్ను కాసేపటికి ఆగిపోతుంది, దాని సిరా కిందికి దిగాలి కదా. పెన్సిల్, క్రేయాన్ ఎలా పట్టుకున్నా రాస్తాయి. క్లిప్పున్న ఎగ్జామ్ ప్యాడ్ మరొకరు పైన పట్టుకుంటే రంగులు వేసుకోవచ్చు. సెలైన్ ఎక్కించే సన్న గొట్టం, కాన్యులా, చేతికి పెట్టేటప్పుడు పిల్ల ఏ చేత్తో తింటుందో, రాస్తుందో సిస్టర్‌కు ముందే చెబితే, వీలైనంతవరకు రెండో చేతికి పెడతారు. ఈ ఒక్క మాట అడగని తల్లిదండ్రులే ఎక్కువ. ఆ తర్వాత మూడు రోజులు ఏ ఆటా సాగక తలపట్టుకుంటారు.

బొమ్మల సంగతికొస్తే, మొదటి రోజు చుట్టాలు హార్లిక్స్ సీసా, యాపిల్స్‌తో పాటు లైట్లు వెలిగి కూతపెట్టే కార్లు మూడు తెస్తారు. సాయంత్రానికి మూడూ పాతబడతాయి, వాటి కూతకు పక్క బెడ్లవాళ్ళు విసుక్కుంటారు. పైగా లోపలి బటన్ బ్యాటరీ ఊడి పిల్ల మింగితే గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది. అది నిజమైన ఎమర్జెన్సీ. వచ్చిన బొమ్మలన్నీ ఒకేసారి మంచం మీద పోయకుండా రెండు మూడు ఉంచి మిగతావి దాచి, రోజుకొకటి బయటికి తీయడం ఉత్తమం. అదే కారు మూడు రోజుల తర్వాత కనబడితే కొత్తదే.

కొనాలనుకుంటే, విశాఖకు దగ్గరలోనే, అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో వరాహ నది ఒడ్డున తయారయ్యే లక్కబొమ్మలు వార్డుకు బాగా కుదురుతాయి. అంకుడు కర్రను లేతు మీద తిప్పుతూ, గింజల నుంచి, బెరడు నుంచి తీసిన రంగులు కలిపిన లక్క పూస్తారు. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. నున్నగా ఉంటాయి, తడిగుడ్డతో తుడిస్తే శుభ్రం, చప్పుడు లేదు, బ్యాటరీ లేదు. లక్కపిడతలతో వంట ఆట పడుకునీ ఆడుకోవచ్చు. ఆపరేషన్ రోజు పొద్దున్న మాత్రం ఆ పిడతల్ని దాచేయాలి. మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా ఆకలితో ఉంచిన పిల్ల ముందు వంట ఆటేమిటి! బొచ్చు బొమ్మలు ఉతకడం కష్టం. క్యాన్సర్ మందుల వల్ల రోగనిరోధక శక్తి తగ్గిన పిల్లల దగ్గరకు డాక్టర్ని అడగకుండా వాటిని తీసుకుపోకూడదు.

మూడేళ్ళ లోపువాళ్ళకు గవ్వలు, పూసలు, చిన్న పిడతలు వద్దు. పడుకుని ఉన్న పిల్ల గొంతులో అడ్డుపడటం ఇంకా తేలిక. రబ్బరు గ్లవ్ ఊది ముఖం గీసి ఇవ్వడం సిస్టర్లకు అలవాటే. ప్రేమతో చేసే పనే గానీ, అది పగిలితే ముక్కల్ని వెంటనే ఏరేయాలి. స్పైకా ఉన్న పిల్లలతో ఇంకో తంటా ఉంది. పొట్ట దగ్గర ప్లాస్టర్‌కూ ఒంటికీ మధ్య ఉన్న సందు వాళ్ళకు హుండీలా కనబడుతుంది. రూపాయి బిళ్ళ, క్రేయాన్ ముక్క, బిస్కెట్టు, ఏది దొరికితే అది లోపలికి జారవిడుస్తారు. లోపల అది చర్మాన్ని ఒరిసి పుండు చేస్తుంది, బయటికి వాసన వచ్చేదాకా ఎవరికీ తెలియదు. తినేటప్పుడు ఆ సందుకు పైన తువ్వాలు కప్పాలి, రోజుకోసారి ఫోన్ టార్చితో లోపల చూడాలి. దురద పెడుతోందని స్కేలు, పుల్ల దూర్చడం కూడా ఇంతే ప్రమాదం.

ఇక కాలం. పిల్లకు గడియారం తెలియదు, వరస తెలుస్తుంది. ఏది తర్వాత ఏది వస్తుందో తెలిస్తే రోజు భరించదగినదవుతుంది. ఊడ్చే ఆయా వచ్చాక రౌండ్స్, రౌండ్స్ తర్వాత ఇంజక్షన్, ఇంజక్షన్ తర్వాత బకెట్టు ఆట, అన్నం తర్వాత కథ, విజిటింగ్ టైములో బాబాయి. వీటికి చిన్న చిన్న బొమ్మలు గీసి వరసగా అతికించి, అయిపోయినదాన్ని పిల్ల చేత కొట్టివేయించాలి. మధ్యాహ్నం అన్నాలయ్యాక సాయంత్రం దాకా వార్డులో ఏమీ జరగదు. మంచి ఆటను ఆ వేళకు అట్టేపెట్టుకోవడం తెలివైన పని. ఉదయం ఎలాగూ డాక్టర్లు, ట్రాలీలు, డ్రెస్సింగులతో హడావుడిగానే గడుస్తుంది.

ఫోన్ గురించి రెండు మాటలు. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు గంటకు మించి స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆసుపత్రిలో ఆ గీత కాస్త అటూ ఇటూ అయినా కొంప మునిగిపోదు. అసలు నష్టం వేరే ఉంది. పొద్దుటి నుంచి ఫోన్ చేతిలోనే ఉంటే, డ్రెస్సింగ్ మార్చేటప్పుడు దానికి పనిచేసే శక్తి మిగలదు. సూది పొడిచేటప్పుడు ధ్యాస మళ్ళిస్తే పిల్లలకు నొప్పి, బెదురు తగ్గుతాయని ఎన్నో పరిశోధనలను కలిపి చూసిన సమీక్షలు చెబుతున్నాయి. ఫోన్‌ను అలాంటి గడియలకు దాచాలి, మందు డోసు లెక్కన. సబ్బు బుడగలు ఊదించడం కూడా అంతే బాగా పనిచేస్తుంది. ఊదాలంటే ఊపిరి గట్టిగా తీసుకోవాలి, అది ఒంటి బిగువును సడలిస్తుంది, పడుకునే ఉండే పిల్లల ఊపిరితిత్తులకూ మంచిదే. నేల మీద పడిన సబ్బు నీళ్ళు వెంటనే తుడవకపోతే జారిపడేది సిస్టరే.

'అల్లరి చేస్తే సిస్టర్‌తో సూది వేయిస్తా' అన్న బెదిరింపు మన వార్డుల్లో గంటకోసారి వినబడుతుంది. ఇంతకు మించిన చెరుపు లేదు. వైద్యం కోసం వేసే సూది శిక్షగా మారుతుంది, సిస్టర్ శత్రువవుతుంది, ఆ తర్వాత ఏ ఆటా ఆమె ముందు పనిచేయదు. 'అస్సలు నొప్పి పుట్టదు' అన్న అబద్ధం కూడా ఒక్కసారే చెల్లుతుంది. చీమ కుట్టినట్టు ఉంటుంది, అయిదు లెక్కపెట్టేలోగా అయిపోతుంది అని ఉన్నదున్నట్టు చెప్పాలి. సూది లేని ఖాళీ సిరంజి ఒకటి అడిగి తీసుకుని బొమ్మకు ఇంజక్షన్ ఆట ఆడించాలి. బొమ్మ అయ్యాక నాన్నకు, తర్వాత అమ్మకు. పిల్లలు ఈ ఆటలో నిర్దాక్షిణ్యంగా ఉంటారు. ఏడిస్తే ఇంకోటి వేస్తానంటారు. ఆ మాట ఎవరి నోటి నుంచి నేర్చుకున్నారో పెద్దవాళ్ళకు అప్పుడు తెలుస్తుంది.

ఆటను వైద్యంలో భాగంగా చూడటం పాత ఆలోచనేమీ కాదు. 1950ల దాకా బ్రిటన్‌లో చాలా ఆసుపత్రుల్లో తల్లిదండ్రులను పిల్లల దగ్గర ఉండనిచ్చేవారు కారు, అప్పుడప్పుడు చూసి వెళ్ళాలంతే. 1959లో అక్కడి ప్రభుత్వం వేసిన ప్లాట్ కమిటీ ఆ పద్ధతిని తప్పుపట్టి, తల్లిదండ్రులను రానివ్వాలని, పిల్లల మనసును కూడా పట్టించుకోవాలని సిఫారసు చేసింది. ఇప్పుడు అక్కడ ఆసుపత్రుల్లో పిల్లలను ఆడించడమే ఉద్యోగంగా శిక్షణ పొందినవాళ్ళు ఉంటారు. మన దగ్గర తల్లి పక్కనే ఉండటం మొదటి నుంచీ ఉన్న పద్ధతి. అది పెద్ద వరం. కానీ అమ్మ ఉంది కదా అన్న ధీమాతో ఆట బాధ్యత ఎవరికీ అప్పగించలేదు. మందుల చీటీ తేవడం, స్కానింగ్ క్యూలో నిలబడటం, బెడ్‌పాన్ మార్చడం, రాత్రి నేల మీద చాప వేసుకుని పడుకోవడం, వీటన్నిటి మధ్య ఆడించడం కూడా ఆమె నెత్తినే పడుతుంది. ప్రతి పిల్లల వార్డుకూ ఉతికే వీలున్న బొమ్మల పెట్టె ఒకటి, రోజుకు రెండు గంటలు ఆడించడానికి నర్సింగ్ విద్యార్థి ఒకరు ఉంటే పెద్ద ఖర్చేమీ కాదు.

ఆరిలోవ హెల్త్ సిటీ వైపు ప్రైవేటు ఆసుపత్రుల్లో ఏసీ సింగిల్ రూము తీసుకున్నవాళ్ళకు ఈ గోల లేదనుకుంటాం. నాలుగేళ్ళ పిల్లకు మాత్రం జనరల్ వార్డే చాలాసార్లు నయం. అక్కడ చూడటానికి మనుషులుంటారు, తనలాగే కట్లు కట్టుకున్న ఇంకో పిల్ల ఉంటుంది. ఒడియా మాట్లాడే పిల్లకూ తెలుగు పిల్లకూ మధ్య కాగితం రాకెట్ తిరగడానికి భాష అక్కర్లేదు. అంటువ్యాధి ఉన్న వార్డుల్లో మాత్రం ఈ ఇచ్చిపుచ్చుకోవడం కుదరదు.

రాత్రి ఎనిమిది దాటాక ఓపిక అందరికీ అయిపోతుంది. అప్పుడు అమ్మమ్మకు ఫోన్ చేసి, వీడియో లేకుండా గొంతుతో మాత్రమే కథ చెప్పించడం మంచి ఏర్పాటు. వీడియోలో కట్టు చూసి అమ్మమ్మ ఏడుస్తుంది, ఆమెను చూసి పిల్ల ఏడుస్తుంది. గొంతు ఒక్కటే అయితే కళ్ళు మూసుకుని వినవచ్చు. కథ మధ్యలో ఆపి "మిగతాది రేపు చెప్తానే బంగారం" అంటే రేపటి కోసం ఎదురుచూడటానికి ఒకటి దొరికినట్టే. పొడుపు కథలు కూడా అమ్మమ్మల సొత్తే. 'కిటకిట తలుపులు కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు' అని అడిగితే, జవాబు కోసం కనురెప్పలు ఆర్పి చూసుకుంటూనే నిద్రలోకి జారే పిల్లలుంటారు. ఇవేవీ పనిచేయని రోజులూ ఉంటాయి. పిల్ల ఏడుస్తుంది, ఏడవనివ్వాలి. ప్రతి నిమిషం ఆడించి తీరాలన్న టెన్షన్ తల్లికి అవసరం లేదు.

డిశ్చార్జ్ అయ్యాక స్పైకా పిల్ల కథ ఇంట్లో కొనసాగుతుంది. మొత్తం మీద సుమారు ఆరు వారాలు దాని చెరలోనే ఉండాలి. ఆటోలో ఒళ్ళో కూర్చోబెట్టుకుని పోవడం కుదరదు. కారు వెనక సీట్లో పడుకోబెట్టి, ఎక్కించే పద్ధతి సిస్టర్ దగ్గర ముందే నేర్చుకోవాలి. ఇంట్లో మంచం గదిలో కాకుండా నలుగురూ తిరిగే హాల్లో వేయాలి. ప్లాస్టర్ తీసిన రోజు లేచి పరిగెడుతుందనుకుంటే పొరపాటు. కాలు సన్నబడి ఉంటుంది, మోకాలు బిగుసుకుని ఉంటుంది, అడుగు వేయడానికి పిల్ల భయపడుతుంది. మళ్ళీ మామూలుగా నడవడానికి కొన్ని వారాలు పడుతుంది. అప్పుడు ఆ పాత బకెట్టు మళ్ళీ పనికొస్తుంది. ఈసారి పేపరు ఉండను చేత్తో కాకుండా, కూర్చున్నచోటి నుంచి కాలితో తన్నించాలి, ఎంత దూరం అన్నది డాక్టర్నో ఫిజియోథెరపిస్టునో అడిగి.